ప్రమాదమైతే ప్రభుత్వమే ఆపేసేది కదా?

నాన్నగారికి 54 ఏళ్లు, ముప్పై ఏళ్లుగా రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తున్నారు, మానమంటే "అంత ప్రమాదమైతే ప్రభుత్వమే ఆపేసేది కదా" అంటున్నారు, ఏమని బదులివ్వాలి అని అడిగారు. నిజంగానే ఎందుకు నిషేధించరన్నది మీ రెండో ప్రశ్న. ఛాతీ వ్యాధుల వైద్యురాలిగా ఈ వాదన నాకు కొత్త కాదు. పైగా నేను ఉండేది ఒంగోలులో. నా దగ్గరికి పొగాకు కాల్చేవాళ్లూ వస్తారు, పండించేవాళ్లూ వస్తారు, రెండూ చేసేవాళ్లూ వస్తారు. సమాధానం కాస్త పొడవే అవుతుంది, ఓపిక పట్టండి.

ప్రభుత్వం ఈ విషయంలో నోరు విప్పలేదన్నట్టు మాట్లాడుతున్నారు మీ నాన్నగారు. విప్పింది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అంది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర బొమ్మతో సహా హెచ్చరిక ఉండి తీరాలంది. జేబులో ఉన్న పెట్టె మీదే అంత పెద్దగా రాసి ఉన్నదాన్ని పక్కనపెట్టి, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదనడం న్యాయం కాదు. అమ్మనివ్వడం వేరు, మంచిదని పూచీ పడటం వేరు.

అసలు సిగరెట్‌కు ఎవరూ పరీక్షించి అనుమతి ఇవ్వలేదు. యంత్రాల మీద చౌకగా తయారై, ప్రపంచమంతా అలవాటు పడిపోయాక సైన్సు మెల్లగా వెనక నుంచి వచ్చింది. 1950లో లండన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల అలవాట్లు ఆరా తీసి, ధూమపానంతో ఉన్న లంకెను బయటపెట్టారు. మరుసటి ఏడాది నుంచి బ్రిటన్‌లోని వైద్యులనే వేల సంఖ్యలో తీసుకుని, ఎవరు తాగుతున్నారు, ఎవరు మానారు, ఎవరు ఎప్పుడు దేనితో పోయారు అని యాభై ఏళ్లపాటు లెక్క రాశారు. 2004లో వచ్చిన ఫలితం ఇది: జీవితాంతం సిగరెట్లు కాల్చినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోతున్నారు. 40 ఏళ్లకు మానేస్తే ఆ పదిలో తొమ్మిదేళ్లు, 50కి మానేస్తే ఆరేళ్లు, 60కి మానేసినా మూడేళ్లు వెనక్కి దక్కుతున్నాయి. మీ నాన్నగారికి క్యాన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టకండి, ఈ లెక్క చెప్పండి. "ఈ వయసులో మాని ఏం లాభం" అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

నేను రోజూ చూసే జబ్బు గురించి కొంచెం వివరంగా చెబుతాను. దాన్ని సీఓపీడీ అంటాం, ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఏళ్ల తరబడి దెబ్బతింటూ పోయే జబ్బు. క్యాన్సర్‌కు ఉన్నంత పేరు దీనికి లేదు, మనిషిని తినేయడంలో మాత్రం తీసిపోదు. స్పైరోమెట్రీ అని ఒక పరీక్ష ఉంది. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదమంటారు. పక్కన టెక్నీషియన్ "ఊదండి, ఊదండి, ఆపొద్దు" అని కేకలు పెడుతూనే ఉంటాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు లోపలి గాలిలో డెబ్బై శాతానికి పైగా మొదటి సెకనులోనే బయటికి నెట్టేస్తారు. తెర మీద గీత నిటారుగా లేచి, ఆ తర్వాత చదునైపోతుంది. సీఓపీడీ ఉన్నవాళ్ల గీత మెల్లగా పాకుతుంది. ఆరు సెకన్లు దాటినా ఇంకా పైకి పోతూనే ఉంటుంది, ఎందుకంటే లోపల ఇంకా గాలి మిగిలే ఉంది, రావడం లేదు. మెడ నరాలు ఉబ్బుతాయి, ముఖం కందిపోతుంది, అయినా రాదు. ఆయాసమంటే గాలి పీల్చుకోలేకపోవడం అనుకుంటారు చాలామంది. ఈ జబ్బులో అసలు అవస్థ గాలి వదలలేకపోవడం. పాత గాలి పోతేనే కదా కొత్త గాలికి చోటు!

ఎందుకలా అవుతుందంటే, పొగ రెండు పనులు చేస్తుంది. శ్వాసనాళాల లోపలి గోడ మీద సన్నని నూగులాంటి కేశాలు ఉంటాయి, దుమ్మునీ కఫాన్నీ పైకి తోసేది అవే. పొగ వాటిని మొద్దుబారుస్తుంది. కఫం రాత్రంతా లోపలే పేరుకుని, పొద్దున్నే దగ్గుతో బయటపడుతుంది. "ఒక సిగరెట్ పడితే గానీ కఫం తెగదండీ" అని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. ఆ కఫం పేరుకున్నదే సిగరెట్ వల్ల! ఇక రెండోది, నాళాల చివర ఉండే కోట్లాది గాలి తిత్తుల గోడలు తెగిపోయి, చిన్న తిత్తులన్నీ కలిసి సాగిపోయిన పెద్ద సంచులవుతాయి. తెగిన గోడ మళ్లీ పుట్టదు. ఏ మందూ, ఏ కషాయమూ దాన్ని తిరిగి కట్టలేదు. ఇన్‌హేలర్ ఉన్న నాళాలను కాస్త వెడల్పు చేస్తుంది, అంతే. మానేస్తే మాత్రం నష్టం పెరిగే వేగం తగ్గుతుంది.

మానేసిన కొత్తలో కొందరికి దగ్గు పెరుగుతుంది, ఈ సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి. మొద్దుబారిన కేశాలు మళ్లీ పనిలోకి దిగి కఫాన్ని తోయడం మొదలుపెట్టినందువల్ల అది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఇది తెలియక "మానాకే దగ్గు ఎక్కువైంది" అని మళ్లీ అంటించేసినవాళ్లు ఎందరో.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసినవే. పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయి, వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ కలిగించేవి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగనివాళ్లతో పోలిస్తే 15 నుంచి 30 రెట్లు. క్షయ సోకి ముదిరే అవకాశం రెట్టింపు, మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. గుండె సంగతి చాలామంది మరిచిపోతారు. "నేను రోజుకు ఒక్కటే" అనేవాళ్లకు కూడా, రోజుకు ఇరవై కాల్చేవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో అందులో దాదాపు సగం పెరుగుతుందని 2018లో తేల్చారు. ఇరవైలో ఒక వంతు తాగితే ఇరవయ్యో వంతు ముప్పు అనే లెక్క గుండె దగ్గర చెల్లదు. ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే కాలివేళ్లు నల్లబడి తీసేయాల్సి వచ్చే బర్గర్స్ వ్యాధి బీడీ కాల్చే మగవాళ్లలో కనిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ప్రపంచంలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ వైద్యులకు పాత పరిచయం. పొగ తాగడం మగవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఆ ఊళ్లకు వెళ్లి చూడాలి.

ఇప్పుడు నిషేధం సంగతి. నా అభిప్రాయం దాచను: నిషేధం కావాలి. అయితే ఒక ఉదయం ప్రకటించి సాయంత్రానికి దుకాణాలు మూయించే నిషేధం కాదు.

"నా ఒళ్లు, నా డబ్బు, నా ఇష్టం" అనే వాదన బలంగా వినిపిస్తుంది. ఇష్టం అనే మాట ఇక్కడ పొసగదు. పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది, సూది మందు కంటే వేగంగా. రెండు గంటల్లో రక్తంలో సగం తగ్గిపోతుంది. తగ్గగానే చిరాకు, అసహనం, ఏకాగ్రత లేకపోవడం. ఇంకొకటి అంటించగానే అవి పోతాయి. దాన్నే "టెన్షన్ తగ్గిస్తుంది" అంటారు. తానే తెచ్చిన టెన్షన్‌ను తానే కాసేపు తగ్గిస్తుందన్నమాట. ఈ గుంజాటనలోకి చాలామంది దిగేది ఇరవై ఏళ్లు దాటకముందే. 2016-17లో కేంద్రం జరిపించిన జాతీయ సర్వేలో, పొగ తాగేవాళ్లలో సగానికి పైగా మానాలనే ఆలోచన ఉందని చెప్పారు. కోరి తాగుతున్నామనేవాళ్లలో సగం మంది వదిలించుకోవాలని చూస్తుంటే అది ఏ రకం స్వేచ్ఛ? పక్కనున్నవాళ్ల సంగతి సరే సరి. ఇంట్లో పసిపిల్లలకు ఉబ్బసం, చెవి ఇన్ఫెక్షన్లు తెచ్చే పొగకు వాళ్ల ఇష్టాన్ని ఎవరూ అడగలేదు.

మరి ఒక్కసారిగా ఎందుకు నిషేధించకూడదు? చేసి చూసినవాళ్లున్నారు. భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్ని దేశమంతటా ఆపేసింది. 2010లో చట్టాన్ని ఇంకా బిగించింది. మరుసటి ఏడాది కొద్దిపాటి నమిలే పొగాకుతో దొరికిన ఒక యువ భిక్షువుకు మూడేళ్ల జైలు పడింది, దేశం అట్టుడికింది. సరుకు మాత్రం మన సరిహద్దు దాటి దొంగచాటుగా వెళ్తూనే ఉంది. చివరికి కొవిడ్ వచ్చాక, ఆ దొంగ రవాణా రోగాన్ని కూడా మోసుకొస్తుందన్న భయంతో 2020లో తాత్కాలికంగా, 2021లో చట్టం మార్చి పూర్తిగా అమ్మకాలను అనుమతించారు. దక్షిణాఫ్రికా 2020 మార్చి చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా సిగరెట్ల అమ్మకం ఆపింది. ఎక్కువ మంది మానలేదు, రెండు మూడు రెట్లు ధర పెట్టి దొంగ సిగరెట్లు కొన్నారు. నిషేధం ఎత్తేశాక కూడా ఆ దొంగ వ్యాపారం పోలేదు.

మనకు ఇంత దూరం పోనక్కర్లేదు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాను తరిమికొట్టిన ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానాకు రాబడి పోయింది, పొరుగు రాష్ట్రాల సరుకు వచ్చింది. గుట్కా సంగతి చూడండి. కాగితం మీద నిషేధం ఉంది. పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో అమ్ముతారు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. ఈ-సిగరెట్లను 2019లో చట్టం చేసి నిషేధించారు, అవీ చాటుమాటుగా దొరుకుతూనే ఉన్నాయి. అలాగని ఈ నిషేధాలు వృథా అనను. అడ్డగోలుగా ప్రకటనలు, కొట్టు ముందు వేలాడే గుట్కా పొట్లాల దండలు తగ్గాయి. అయితే నికోటిన్‌కు ఇప్పటికే బానిసైన కోట్ల మందికి మందు చూపకుండా సరుకు లాగేస్తే వాళ్లు దొంగ సరుకు అమ్మేవాడి చేతిలో పడతారు.

ఇంకో చిక్కు "సిగరెట్ నిషేధం" అన్న మాటలోనే ఉంది. అదే జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లు 4 శాతం, బీడీ కాల్చేవాళ్లు 7.7 శాతం, పొగ రాని పొగాకు నమిలేవాళ్లు 21.4 శాతం. ఒక్క సిగరెట్‌ను ఆపితే చాలామంది బీడీకి మారతారు. బీడీ ఆకు చుట్ట కాబట్టి ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. తారు, కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ వెళ్లవు. పేదవాడి పొగ అని దాని మీద మన ప్రభుత్వాలకు ఎప్పుడూ జాలే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లను 40 శాతం శ్లాబుకు పెంచి, బీడీని 28 నుంచి 18కి దించాలని నిర్ణయించింది. పేదవాడికి పన్ను తగ్గించాలనుకుంటే మందుల మీద తగ్గించవచ్చు, బీడీ మీదే ఎందుకో నాకు అర్థం కాలేదు.

డబ్బు సంగతి కూడా దాచాల్సిన పని లేదు. కేంద్రంలో ఆరోగ్య శాఖ పెట్టె మీద హెచ్చరిక వేయిస్తుంది, వాణిజ్య శాఖ కింద గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు ఎగుమతులు పెంచే పనిలో ఉంటుంది. దేశంలోనే పెద్ద సిగరెట్ కంపెనీలో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీకి పదిహేను శాతం దాకా వాటా ఉంది. ఇన్ని చేతులు ఒకే పెట్టెలో ఉన్నప్పుడు మూత వేయమని ఎవరు చెబుతారు? పన్ను వస్తోంది కదా అంటారు. 2017-18లో పొగాకు జబ్బుల వల్ల వైద్య ఖర్చు, పోయిన పని, ముందే పోయిన ప్రాణాలు కలిపి దేశానికి 1.77 లక్షల కోట్ల రూపాయల నష్టమని లెక్క తేల్చారు. పొగాకు ఎక్సైజు రాబడి అందులో ఎనిమిదో వంతు కూడా లేదు.

రైతు మాటకొస్తే, మా జిల్లాలో నిషేధం అనగానే అందరూ రైతును ముందుకు తోస్తారు. నిజానికి మా టంగుటూరు, కందుకూరు, కొండపి వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా రకం పొగాకులో పెద్ద భాగం విదేశాలకు పోయేదే. ఇక్కడ సిగరెట్ ఆపినంత మాత్రాన మరునాడే బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) చల్లారదు. రైతును ముంచుతున్నది బ్యారన్ కౌలు, కూలీల ఖర్చు, కొనేవాళ్లు కూడబలుక్కుంటే పడిపోయే ధర. 2025లో నల్ల బర్లీ అనే రకం పొగాకును కొనే దిక్కు లేక రాష్ట్ర ప్రభుత్వమే తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది, అప్పుడు ఏ నిషేధమూ లేదు! శనగ, మొక్కజొన్న, మిరప వైపు పొమ్మని చెప్పడం తేలికే. పొగాకుకు ఉన్నట్టు ముందే ఖాయమైన కొనుగోలు కేంద్రం వాటికీ ఉంటే రైతు మా కంటే ముందే మారతాడు.

దెబ్బ పడేది బీడీ చుట్టే ఆడవాళ్ల మీద. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు లక్షల ఇళ్లలో ఒడిలో చేట పెట్టుకుని ఆకు కత్తిరించి చుట్టే పనే ఆధారం. వేసవిలో తునికాకు ఏరి కట్టలు కట్టే గిరిజన కుటుంబాలకు ఆ కొద్ది వారాల కూలీయే ఏడాదిలో చేతికొచ్చే నగదు. దగ్గుతో వచ్చేవాళ్లలో తాగేవాళ్లే కాదు, పొగాకు ధూళి పీల్చే వీళ్లూ ఉంటారు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇస్తోంది, మంచిదే. పింఛను బతకనిస్తుంది, ఇంకో పని చూపించదు. ఇంట్లోనే కూర్చుని, పిల్లల్ని చూసుకుంటూ చేసుకోగల మరో పని చూపించకుండా బీడీ ఆపేస్తే అది ప్రజారోగ్యం అనిపించుకోదు.

కాబట్టి నాకు నచ్చిన దారి పుట్టిన సంవత్సరాన్ని బట్టి గీసే గీత. ఫలానా ఏడాది తర్వాత పుట్టినవాళ్లకు ఎప్పటికీ పొగాకు అమ్మకూడదు. ఇప్పుడు తాగుతున్నవాళ్లను నేరస్థుల్ని చేయదు, కొత్తవాళ్లను చేర్చుకోదు. రైతుకూ, బీడీ కార్మికురాలికీ ఒక తరం గడువు దొరుకుతుంది. న్యూజిలాండ్ 2022లో ఈ చట్టం చేసింది, 2009 నుంచి పుట్టినవాళ్లకు. ప్రభుత్వం మారి, అమలు కాకముందే 2024లో రద్దు చేశారు. మాల్దీవులు 2025 నవంబర్ 1 నుంచి అమలు చేసింది, 2007 నుంచి పుట్టినవాళ్లకు. ఆ ఫలితం చూడటానికి ఏళ్లు పడుతుంది. మన దగ్గర కర్ణాటక కొనుగోలు వయసును 21కి పెంచింది, అది మొదటి మెట్టు.

అంతకంటే ముందు, ఏ పెద్ద చట్టమూ అక్కర్లేకుండా చేయదగ్గది ఒకటుంది: విడి సిగరెట్ల అమ్మకం ఆపడం. ఏ కాలేజీ పక్క కిళ్లీకొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. కొట్టువాడు తెరిచి ఉన్న పెట్టెలోంచి ఒకటి తీసి ఇస్తాడు, స్తంభానికి తాడుతో కట్టిన లైటరుతో కుర్రాడు అంటించుకుంటాడు, చివర్లో వాసన పోవడానికి ఒక పుదీనా బిళ్ల. ఆ 85 శాతం బొమ్మ కొట్టువాడి బల్ల మీదే ఉండిపోతుంది, కుర్రాడి కంట పడదు. పెట్టె మొత్తం కొనాలంటే జేబు ఖర్చు చాలదు. విద్యాసంస్థకు వంద గజాల లోపు అమ్మరాదన్న నిబంధన కూడా అక్కడే ఉంది, ఎవరికీ పట్టదు. మహారాష్ట్ర 2020లో విడి అమ్మకాన్ని నిషేధించింది. మన రెండు రాష్ట్రాలూ అదే చేసి, మున్సిపల్ లైసెన్సుతో ముడిపెడితే కొత్తగా మొదలుపెట్టే పిల్లల సంఖ్య తగ్గుతుందని నా నమ్మకం.

మళ్లీ నాన్నగారి దగ్గరికి వద్దాం. చట్టం కోసం ఆయన ఆగలేరు. ఒక తేదీ ఆయన్నే పెట్టుకోమనండి, మీరు పెట్టకండి. మొదటి మూడు రోజులు కష్టం, రెండు నుంచి నాలుగు వారాల్లో గుంజుడు బాగా తగ్గుతుంది. నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి "పని చేయలేదు" అంటారు. నమలగానే ఘాటు తగులుతుంది, అప్పుడు ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ తాగిన పావుగంట వరకు వేసుకోకూడదు, నికోటిన్ సరిగా ఎక్కదు. మానడానికి సాయపడే వరెనిక్లిన్ లాంటి మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టరు చీటీతోనే. 1800-11-2356 కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, ఆ నంబరు సిగరెట్ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. జారిపోయి ఒకటి తాగితే ఇంట్లో రచ్చ చేయకండి, చాలామందికి ఒకటికి మించి ప్రయత్నాలు పడతాయి.

ఒకసారి స్పైరోమెట్రీ, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరిగా చేయించండి. కఫంలో రక్తపు చార కనిపించినా, మూడు వారాలు దాటి గొంతు బొంగురుపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆ రోజే తీసుకెళ్లండి. పొద్దున నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్ అంటిస్తున్నారో కనుక్కుని నాకు రాయండి. అరగంట లోపే అయితే గమ్ 2 మిల్లీగ్రాములది సరిపోదు, 4 మిల్లీగ్రాములది కావాలి. బీపీకి గానీ గుండెకు గానీ మందులు వాడుతుంటే వాటి పేర్లు కూడా రాయండి.